నిమ్మచుక్క పడేదాకా

ఆదివారం పొద్దున కుట్టు దుకాణం తెరవాలి. గురువారం సాయంత్రానికి ఇంకా గోడలు ఆరలేదు, బోర్డు రాలేదు, రెండో మిషనుకి బెల్టు దొరకలేదు. ఆమె మాత్రం ఇవన్నీ గాలికొదిలేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుని, ఎవరిదో ప్యాంటుకి అంచు మడిచి కుడుతోంది. చేతిలో పని ఉంటే తప్ప ఆమెకి కంగారు తగ్గదు. పదకొండేళ్లు ఇంకొకరి దుకాణంలో, ఇంకొకరి మిషను మీద, ఇంకొకరి పేరు మీద కుట్టింది. ఈ పదడుగుల గది మాత్రం తనది.

తండ్రి నిచ్చెన మీద ఉన్నాడు. గోడకీ పైకప్పుకీ మధ్య గీత సరిగ్గా రాలేదని సన్నబ్రష్షుతో సరిచేస్తున్నాడు. రంగుల దుకాణంలో రంగులు కలపడం ఆయన ఉద్యోగం. ఎవరైనా గోడపెచ్చు తెచ్చి అచ్చంగా ఇదే రంగు కావాలంటే, యంత్రం చూపించే లెక్క పక్కన పెట్టి, తెల్లరంగు డబ్బాలో పసుపు ఒక చుక్క, నలుపు అర చుక్క వేసి, పుల్లతో కలిపి, అట్టముక్క మీద పూసి చూస్తాడు. తడిగా ఉండగా బాగుందా అని అడిగితే ఉలకడు, పలకడు. "ఆరాక మాట్లాడదాం" అంటాడు. ఇంట్లో ఏది అడిగినా అదే మాట. కూరలో ఉప్పు సరిపోయిందా అని తల్లి అడిగినా అదే మాట.

ఆ మధ్యాహ్నం తల్లి తన పెద్దన్నగారిని పిలవడానికి ఫోన్ చేసింది. తప్పకుండా వస్తామన్నాడట. అంతటితో ఊరుకోకుండా, ఇంతకీ మీ ఆయన మాకేం పోస్తాడు, ఆయన తాగేదేనా, మాకు వేరే ఉందా అని అడిగి పకపకా నవ్వాడట. తల్లి కడుపులో మాట దాగదు. దుకాణానికి టీ తెస్తూ ఆ మాటని కూడా వెంట తెచ్చి, నిచ్చెన కింద నిలబడి చెప్పేసింది. తండ్రి బ్రష్షు ఆపలేదు. ఆయన తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలల్లో బావమరుదులు ఇలాంటివి పద్నాలుగు వందలు అని ఉంటారు.

కాసేపటికి పైనుంచే, కూతురికి మాత్రమే చెబుతున్నట్టు అన్నాడు.

"ఆదివారం అందరికీ నేనే పోస్తాను. కొన్నవి వద్దు. నేనే చేస్తాను."

ఏం చేస్తావని ఆమె అడిగింది.

"గ్లాసు చేతికిచ్చేటప్పుడు ఒక రంగు. తాగేటప్పుడు ఇంకో రంగు. రేపు చూపిస్తా ఇన్‌స్పెక్టరమ్మా."

ఆ పేరు ఆమెకి ఆరేళ్ల వయసులో వచ్చింది. రోజూ సాయంత్రం తండ్రి గడప బయట వంగి నోటితో ఊదేవాడు. ఆమె ముక్కు దగ్గరగా పెట్టి చూడాలి. వాసన లేకపోతే "పాస్" అనాలి, అప్పుడు ఆయన లోపలికి వచ్చేవాడు. ఉంటే ఏమీ అనకుండా పక్కకి తప్పుకోవాలి. ఆ తప్పుకోవడం చూసి తల్లి అన్నం గిన్నె మీద మూత పెట్టేసేది. పిల్లల ముక్కు అబద్ధం చెప్పదని తల్లి పెట్టిన పరీక్ష అది. ఆయన లవంగాలు నమిలి వచ్చినా, పచ్చి ఉల్లిపాయ కొరికి వచ్చినా ఆ ముక్కు దగ్గర ఒక్కసారి కూడా చెల్లలేదు. ఇరవై ఏళ్లలో ఆమె పాస్ అన్న రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మానేసిన కొత్తల్లో ఆయనే వచ్చి వంగి ఊదేవాడు. రెండు నెలల తర్వాత ఒకరోజు ఆమె నవ్వి, "ఇంక చాలు నాన్నా, నాకు నమ్మకం కుదిరింది" అంది. ఆయన తల ఊపి వంటింట్లోకి వెళ్లాడు. మంచినీళ్లకని వెళ్లిన మనిషి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

శుక్రవారం పొద్దున ఆమెని వంటగట్టు ముందు నిలబెట్టాడు. పిడికెడు ఎండిన శంఖుపూలు తెచ్చి పళ్లెంలో పోశాడు. ఎండి ముడుచుకుపోయినా నీలం పోలేదు. రంగుల దుకాణం వెనక ఇనుపచువ్వలకి అల్లుకున్న తీగ అది. ఎప్పుడో ఒకావిడ ఒక పువ్వు తుంచుకొచ్చి పడగ్గది గోడకి ఇదే రంగు కావాలందట. రెండు వారాలు కుస్తీ పట్టినా ఆ నీలం ఆయనకి దొరకలేదు. ముప్పై ఏళ్లలో తనని ఓడించిన రంగు అదొక్కటేనని చెబుతూ ఆయన మురిసిపోయాడు. అసలు సంగతేమిటో చూద్దామని పువ్వుని వేడినీళ్లలో వేశాడు. నిమ్మకాయ పిండిన చేత్తోనే గ్లాసు తీశాడు. అప్పుడు తెలిసింది.

"నీళ్లు మరగకూడదు. మరిగితే పసరు వాసనొస్తుంది. గిన్నె అడుగున బుడగలు కడుతుంటే దించెయ్యాలి. తొడిమలు ముందే తీసెయ్యాలి, అవి చేదు."

చెబుతూనే చేస్తున్నాడు. పూలు నీళ్లలో వేసి మూత పెట్టి పది నిమిషాలు ఆగాడు. ఆ పది నిమిషాలూ గోడ గడియారం వైపే చూశాడు. ఇంకో గిన్నెలో పంచదార పాకం పట్టాడు. తీగపాకం రాకముందే దించి, అల్లం దంచి వేసి వడకట్టాడు. గ్లాసులో ముందు పాకం పోశాడు, దాని మీద ఐసు వేశాడు, ఐసు మీద చెంచా బోర్లించి దాని వీపు మీదుగా నీలం నీళ్లు మెల్లగా జార్చాడు. అడుగున తేటగా, పైన ముదురు నీలంగా గ్లాసు రెండు అంతస్తులైంది. ఆయన చెయ్యి వణకలేదు. ఆమె రంగుకన్నా ముందు ఆ చేతినే చూసింది. తనకే సిగ్గేసి కళ్లు తిప్పుకుంది.

తర్వాత నిమ్మచెక్క ఆమె చేతిలో పెట్టాడు. నేను పిండను, ఎవరి గ్లాసులో వాళ్లే పిండుకోవాలి, రంగు వాళ్ల చేతిలోనే మారాలి అన్నాడు. ఆమె పిండింది. చుక్క పడ్డచోట నీలం ఊదాగా విరిగింది, చెంచాతో తిప్పితే గ్లాసంతా గులాబీ ఊదా రంగుకి తిరిగింది. తల్లి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గ్లాసుని వెలుతురుకి పెట్టి చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి వంక పెట్టే మనిషి, పంచదార తక్కువైందని కూడా అనలేదు.

"పుల్లటిది తగిలితే ఇలా. సబ్బులాంటిది తగిలితే ఆకుపచ్చ. దీన్ని మోసం చెయ్యలేం. లోపల ఏముందో అదే చెప్పేస్తుంది" అన్నాడు తండ్రి.

పెద్దమామయ్యకి మొదటి గ్లాసు తనే ఇస్తానన్నాడు. అందరి ముందూ ఇచ్చి, ఆయన పిండుకుంటుంటే పక్కనే నిలబడతానన్నాడు. ఎనిమిదేళ్ల కిందట తాగి పడిపోయిన తండ్రిని వీధిలోంచి మోసుకొచ్చి ఈ ఇంటి గడపలో పడుకోబెట్టింది ఆ పెద్దమామయ్యే. ఆ పేరు ఇంట్లో తండ్రి నోట రావడమే తక్కువ. ఆమెకి విషయం అర్థమైంది. దుకాణం తనదే గానీ, ఆదివారం మాత్రం ఆయనది.

వెళ్లబోతూ, వడకట్టడానికి పలచని మల్లుగుడ్డ రెండు గజాలు కావాలని అడిగాడు. వడకట్టడానికా, చొక్కా కుట్టుకోడానికా అని ఆమె వేళాకోళం చేస్తూనే, పోగులు ఊడకుండా పళ్లకత్తెరతో కోసి ఇచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె పాత ఇస్త్రీపెట్టె కోసం ఇంటికి వచ్చింది. తల్లి వెనకవీధిలో ఎవరినో పిలవడానికి వెళ్లింది. తండ్రి ఉదయమే రంగుల దుకాణానికి వెళ్లాడు. ఇస్త్రీపెట్టె వంటగట్టు కింద బియ్యం డబ్బా వెనక ఉంటుంది. ఆమె మోకాళ్ల మీద కూచుని, డబ్బాని పక్కకి జరిపి, చీకట్లోకి చెయ్యి చాపింది.

చేతికి మెడ తగిలింది. సీసా మెడ.

చూడకముందే చేతికి తెలిసిపోయింది. ఆ మెడ పొడవు, భుజం దగ్గర వచ్చే వంపు, మూత మీది గాట్లు, అన్నీ చిన్నప్పటి నుంచి తెలుసు. ఫ్లష్ ట్యాంకులో, పాత బూట్లలో, ఖాళీ రంగుడబ్బాల్లో, ఒకసారి తన స్కూలు సంచిలో కూడా దొరికినవే. బయటికి లాగితే గోధుమరంగు సీసా. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మొత్తం నాలుగు, నిండా. ఒకదాని మీద గీకగా మిగిలిన సగం లేబులు. నాలుగింటికీ శుభ్రంగా మల్లుగుడ్డ చుట్టి ఉంది, అంచున తన పళ్లకత్తెర గాట్లు ఉన్నాయి.

ఆ గాట్లు చూశాక ఆమెకి ఒళ్లు మండిపోయింది. తన చేత్తో కోసిచ్చిన గుడ్డ. నవ్వుతూ ఇచ్చింది. పద్నాలుగు నెలలు. రేపు పొద్దున తన దుకాణంలో, మామయ్యలందరి ముందు, ఈయన తూలుకుంటూ వచ్చి కౌంటరు పట్టుకుని నిలబడతాడు. పదకొండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఇంక రేపటి సంగతి ఆలోచించలేకపోయింది.

మూత తిప్పింది. వాసన చూడాలనిపించలేదు. ఇరవై ఏళ్లు చూసింది. ఇంకా చూసి కొత్తగా తెలుసుకునేదేముంది? మొహం కిటికీ వైపు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, సీసా సింకులోకి వంచింది. గుడగుడమంటూ ఖాళీ అయింది. రెండోది వంచింది. మూడోది వంచుతూ ఏడుస్తోంది, ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియదు. నాలుగోదాని మూత తీసి వంచాక ఇంక ఊపిరి ఆపుకోలేక గట్టిగా పీల్చింది.

ఏ వాసనా లేదు. తడిసిన ఆకుల వాసనలాంటిది కొద్దిగా ఉంది, అంతే.

తల తిప్పి చూసింది. స్టీలు సింకు అడుగు నీలంగా ఉంది. పొద్దున తల్లి గిన్నెలు తోమి పడేసిన నిమ్మతొక్కలు ఒక మూల ఉన్నాయి. వాటి చుట్టూ ఆ నీలం గులాబీ ఊదాగా మారి, పాయలు పాయలుగా కన్నం వైపు జారుతోంది. సబ్బుముక్క కరిగినవైపు ఆకుపచ్చగా ఉంది. ఆమె చేతిలోని సీసా ఇంకా వంగే ఉంది. దాన్ని నిలబెట్టాలని తోచడానికి కొంతసేపు పట్టింది. అప్పటికి సగం పోయింది.

వెనక చెప్పుల చప్పుడైంది. తండ్రి చేతిలో నిమ్మకాయల సంచితో గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మూడు ఖాళీ సీసాల్ని చూశాడు, విప్పి పడేసిన గుడ్డల్ని చూశాడు, కూతురి మొహం చూశాడు. సంచి గట్టు మీద పెట్టి సింకు దగ్గరికి వచ్చి లోపలికి వంగి చూశాడు.

"చూశావా, సబ్బువైపు ఆకుపచ్చ" అన్నాడు.

ఆమె సగం మిగిలిన సీసాకి మూత బిగించింది. ఆయనే మళ్లీ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. వెలుతురు తగిలితే నీలం పాలిపోతుందని గోధుమరంగు సీసాలు వెతికాడట. పాత సామాన్లవాడి దగ్గర గట్టి మూత ఉన్నవి ఇవే దొరికాయట. రెండుసార్లు ఉడకబెట్టి కడిగి, నిన్న సాయంత్రం అంతా రంగుల దుకాణం వెనక స్టవ్వు మీద కాచి పోశాడట. సీసాల ఆకారం చూస్తే ఇంట్లో ఏమనుకుంటారో అని కూడా భయమేసి దాచాడట. చెప్పి ఉండాల్సింది, తప్పు నాదే అన్నాడు.

"మళ్లీ కాద్దాం నాన్నా. ఇప్పుడే కాద్దాం."

ఆయన బీరువా మీదున్న పాత బిస్కట్ల డబ్బా దించి మూత తీసి చూపించాడు. అడుగున రెండు రేకులూ కాస్త పొడీ ఉన్నాయి. ఐదు నెలలు రోజుకి పదీ పదిహేను చొప్పున కోసి, కాగితం మీద నీడన ఆరబెట్టిన పూలు అవి. తీగకి ఇప్పుడు పూత లేదు.

ఖాళీ సీసాలు ఒక్కొక్కటే కడిగాడు. మూడోది కడుగుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"వాసన చూశావా?"

"లేదు."

"చూడాల్సిందమ్మా" అన్నాడు. "నీ ముక్కు ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

గొంతులో కోపం లేదు. తిట్టినా, చెయ్యి చేసుకున్నా ఆమె తేలిగ్గా భరించేది.

తల్లి వచ్చాక కూతురే సంగతంతా చెప్పింది. తల్లి బియ్యం డబ్బాని మళ్లీ గట్టు కిందికి జరిపింది. నేనైనా అదే చేసేదాన్ని అంది. ఓదార్పుగా అన్నదే. అది విన్నాక ఆమెకి ఇంకా దుఃఖం వచ్చింది, ఎందుకంటే తండ్రి పక్కగదిలోనే ఉన్నాడు.

ఆదివారం ముప్పైమంది దాకా వచ్చారు. సగం సీసాకి వేడినీళ్లు కలిపి సాగదీస్తే పన్నెండు గ్లాసులైంది. మిగతావాళ్ల కోసం తల్లి కూల్‌డ్రింకులు కొని తెప్పించింది. నీలం బాగా పలచబడింది. తండ్రి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, ట్రేలో గ్లాసులు సర్ది, ఒక్కోదాని అంచు మీద నిమ్మచెక్క ఆనించి పెట్టి బయల్దేరాడు. ఆమె కొత్త మిషను ముందు కూచుని అందరూ చూస్తుండగా మొదటి కుట్టు వేసింది. పెడలు మీద కాలు ఆడుతోంది గానీ కళ్లు మాత్రం ట్రే వెంటే ఉన్నాయి.

తండ్రి అనుకున్నట్టే మొదటి గ్లాసు పెద్దమామయ్యకే ఇచ్చాడు. ఆయన గ్లాసు అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లి, ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. తండ్రి ట్రే పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. వాసన చూసే మనిషి దూరం నుంచి ఎలా కనిపిస్తాడో ఆమెకి ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలియలేదు. మొహం కొంచెం వెనక్కి లాగి, కళ్లు చిట్లించి, ముక్కుపుటాలు కదిలిస్తూ ఉంటాడు. ఎదుటి మనిషి తీర్పు కోసం నిలబడి ఉంటాడు. కుట్టు వంకర పోయింది. అయినా ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పలేదు. మామయ్య కనీసం వాసన చూశాడు.

"పిండండి బావగారూ, మీ చేత్తోనే" అన్నాడు తండ్రి.

మామయ్య పిండాడు. పలచని నీలం గులాబీ రంగుకి తిరిగింది. ఆయన కళ్లు పెద్దవి చేసి, అరె, ఇదేంటి అంటూ పక్కవాళ్లకి చూపించి, గటగటా తాగేసి బాగుందన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కాసేపటికి ఇంకో గ్లాసు ఇవ్వమని చెయ్యి చాపాడు. అప్పటికి ట్రేలో మిగతా గ్లాసులు పంచడం అయిపోయింది.

"అయిపోయింది బావగారూ. నాలుగు సీసాలు చేశా. నిన్న చెయ్యి జారి మూడు పగిలిపోయాయి."

"జారిందా? చెయ్యి మళ్లీ వణుకుతోందేంటి బావా?" అన్నాడు మామయ్య.

ఈసారి గది గదంతా నవ్వింది. తండ్రి కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆమె మిషను ఆపి లేచింది. నాన్న చెయ్యి జారలేదు, నేనే పారబోశాను అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. తండ్రి ఆమె వైపు చూసి, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఊపాడు. ఈ రోజు నీది, కూచో అన్నట్టు. ఆమె కూచుంది. దారం తెగితే నాలుగోసారికి గానీ మళ్లీ సూదిలోకి ఎక్కలేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ కూచోవడాన్ని ఆమె క్షమించుకోలేకపోయింది.

అందరూ వెళ్లాక దుకాణం వెనక కుళాయి దగ్గర తండ్రి గ్లాసులు కడుగుతున్నాడు. అడుగున మిగిలిన ఊదారంగు నీళ్లు కాలవలోకి పోతున్నాయి. ఆమె పక్కన గొంతుకూచుని కడిగినవి అందుకుని బోర్లిస్తూ, నన్ను క్షమించు నాన్నా అంది. మామయ్యకి ఫోన్ చేసి జరిగింది చెబుతానంది. ఏదో ఒకటి అనమని బతిమాలింది.

ఆయన చేతిలో గ్లాసుని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఆరాక మాట్లాడదాం" అన్నాడు.

ఇరవై ఆరేళ్లుగా వింటున్న మాట. నవ్వు రావాల్సిన మాట.

సోమవారం సాయంత్రం దుకాణంలో ఆమె ఒక్కతే ఉంది. బల్ల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో చొక్కా కొలతలు గీస్తోంది. తండ్రి రంగుల దుకాణం నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో రెండో మిషనుకి బెల్టు ఉంది. ఎక్కడెక్కడో తిరిగి సంపాదించాడు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"రా నాన్నా" అంది ఆమె.

ఆయన రాలేదు. గడప బయటే నిలబడి ఉన్నాడు. ఆమె సుద్దముక్క పెట్టేసి దగ్గరికి వెళ్లింది. అప్పుడాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, బాగా కిందికి వంగాడు. అంత వంగాల్సిన పని లేదు. ఆమె ఇప్పుడు ఆయన భుజం దాకా ఉంటుంది. ఆయన వంగింది మాత్రం ఆరేళ్ల పిల్ల ఎత్తుకి.

"వద్దు నాన్నా. నాకు నమ్మకం ఉంది."

"ఉంటే మంచిదే ఇన్‌స్పెక్టరమ్మా. అయినా చూసుకో" అన్నాడు. "రోజూ చూసుకో. చూడకుండా మాత్రం ఉండకు."

నోరు తెరిచి మెల్లగా ఊదాడు. రంగుల వాసన, టర్పెంటైను వాసన, మధ్యాహ్నం తిన్న అన్నం వాసన. ఇంకేమీ లేదు. ఆయన అలాగే వంగి, కళ్లు పైకెత్తి, ఎదురుచూస్తున్నాడు. ఆమె చెప్పేదాకా లోపలికి రాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పాస్" అంది ఆమె.

ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, నేల మీద కూచుని, రెండో మిషనుకి బెల్టు ఎక్కించడం మొదలుపెట్టాడు.